ఎండలో నిలిపిన కరెంటు కారు

తాడిమర్రి అన్న పేరులోనే రెండు చెట్లు వినబడతాయి. ఒకటి తాడి, రెండవది మర్రి. వూరికి ఆ పేరు ఏ కారణాన వచ్చినా సరే, ఎండాకాలంలో బండి నిలుపుకోవలసినవారికి యీ రెండు చెట్లూ రెండు పాఠాలు చెబుతాయి. తాటిచెట్టు నీడ సన్నగా, పొడుగ్గా పడుతుంది. పొద్దు కదిలినకొద్దీ అదీ కదులుతుంది. దాన్ని నమ్మి బండి నిలిపి, గంటసేపు పని చూసుకొని వచ్చేసరికి బండి ఎండలో వుంటుంది, నీడ పక్క పొలంలో వుంటుంది. మర్రినీడ అలాంటిది కాదు. పొద్దు ఏ మూల వున్నా దాని కింద ఎక్కడో ఒకచోట చల్లదనం దొరుకుతూనే వుంటుంది. కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను సుమారు అయిదు ఎకరాల మేర కొమ్మలు చాచి 1989లో గిన్నెస్ పుస్తకానికి ఎక్కిందంటే, మన సీమలో నీడకున్న విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

వెనుకటి రోజుల్లో ఎద్దులబండి తోలుకొని సంతకు వచ్చిన రైతు ముందు ఎద్దులకు నీడ చూసేవాడు. తన పని తరువాతనే. ఎద్దు నోరులేని జీవమైనా రొప్పుతుంది, నురగ కక్కుతుంది. దాని బాధ కంటికి కనిపిస్తుంది. కారు ఎంత ఎండలో నిలిపినా కిమ్మనదు. తిరిగివచ్చి తలుపు తీసినప్పుడు గాని దాని సంగతి తెలియదు. సీటు మీద కూర్చోబోతే చురుక్కుమంటుంది. స్టీరింగు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి లోపలికి అడుగు పెట్టడానికే జంకుతుంది.

ఇప్పుడు మన రోడ్ల మీదకు ఆకుపచ్చ నంబరు పలకలు తగిలించుకున్న కరెంటు కార్లు కూడా వచ్చాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు వారికి యీ కారు కేవలం కొనుక్కునే వస్తువు కాదు, సొంత సీమలో తయారయ్యే సరుకు కూడా. పెనుకొండ సమీపాన యెర్రమంచి వద్ద కియా కంపెనీ కర్మాగారం 2019 నుంచి కార్లు తయారుచేస్తున్నది. అక్కడ తయారైన కారెన్స్ క్లావిస్ అనే కరెంటు కారు 2025 జూలైలో బజారులోకి వచ్చింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా కురవని యీ కరువు ప్రాంతంలో, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం కొత్త కాదు. కాబట్టి ఆ కారును ఎండలో నిలిపితే ఏమవుతుంది, లోపల చల్లగా వుండాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న యింటింటికీ పనికివచ్చేదే.

అద్దాల పెట్టె

ముందు కారు అంత వేడి ఎందుకు ఎక్కుతుందో చూద్దాం. 1767లో ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ఒక పెట్టె చేయించి, దానికి అద్దాల మూత బిగించి ఎండలో పెట్టాడు. నిప్పు లేకుండానే ఆ పెట్టెలోని వేడి నీళ్ళు మరిగే స్థాయిని దాటిపోయింది. ఎండతో అన్నం వండే సోలార్ కుక్కరు ఆ పెట్టెకు మనుమరాలే. మనం వేలు, లక్షలు పోసి కొనుక్కునే కారు కూడా, ఎండలో నిలిపినప్పుడు, అదే కుటుంబానికి చెందినది.

ఎండలోని వెలుతురు అద్దంలో నుంచి సులభంగా లోపలికి దూరుతుంది. లోపలి సీట్లు, ముందున్న డాష్‌బోర్డు దానిని పీల్చుకొని వేడెక్కుతాయి. అవి వేడెక్కాక తమ వేడిని మరొక రకం కిరణాలుగా వెదజల్లుతాయి. ఆ కిరణాలకు అద్దం దారి యివ్వదు. పైగా తలుపులన్నీ బిగించి వుండడం చేత కాగిన గాలి బయటకు పోలేదు. లోపలికి రావడానికి దారి వున్నది, బయటకు పోవడానికి లేదు. అభిమన్యుడి కథే.

ఎంత వేడి లోపలికి వస్తుందో ఒక చిన్న లెక్క చూడండి. నిర్మలమైన ఆకాశంలో నడినెత్తి ఎండ ఒక చదరపు మీటరు మీద దాదాపు ఒక కిలోవాటు శక్తిని కురిపిస్తుంది. అంటే యింట్లో వాడే ఒక ఇస్త్రీపెట్టె యిచ్చే వేడి అన్నమాట. కారు ముందు అద్దం, వెనుక అద్దం, పక్క అద్దాలు, వీటికి తోడు యీ మధ్య మోజుగా వస్తున్న అద్దాల పైకప్పు, అన్నీ కలిపితే లోపల ఎన్ని ఇస్త్రీపెట్టెలు మీట నొక్కి వదిలినట్లో మీరే వూహించుకోండి.

అమెరికాలో అరిజోనా రాష్ట్రం మన అనంతపురం సీమకు వేసవిలో ఏమీ తీసిపోదు. అక్కడి విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు టెంపే నగరంలో కొన్ని కార్లను ఎండలోనూ, కొన్నింటిని నీడలోనూ నిలిపి కొలిచి చూశారు. 2018లో ఫలితాలు ప్రకటించారు. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో ఎండలోని కారులో గంట గడిచేసరికి గాలి సగటున 47 డిగ్రీలు, సీట్లు 51, స్టీరింగు 53, డాష్‌బోర్డు 69 డిగ్రీలకు ఎక్కాయి. నీడలో నిలిపిన కార్లలో గాలి 38 డిగ్రీలు, సీట్లు 41, స్టీరింగు 42, డాష్‌బోర్డు 48 డిగ్రీల దగ్గర ఆగాయి. అదే వూరు, అదే రోజు, అదే గంట. మధ్యలో వున్న తేడా నీడ ఒక్కటే. డాష్‌బోర్డు దగ్గర ఆ తేడా ఇరవై డిగ్రీలకు పైమాటే!

కరెంటు కారుకు వున్న సదుపాయం

ఎండ ముందు పెట్రోలు కారైనా, కరెంటు కారైనా ఒకటే. చల్లబరచడంలో మాత్రం రెండింటికీ పెద్ద తేడా వున్నది. పెట్రోలు కారులో ఏసీ నడవాలంటే సాధారణంగా ఇంజను నడవాలి. ఇంజను నడిస్తే పొగ, చప్పుడు, ఖర్చు. మూసివున్న షెడ్డులో ఇంజను నడిపి కూర్చుంటే పొగలోని విషవాయువు ప్రాణానికే ముప్పు. కరెంటు కారులో ఏసీ యంత్రం బాటరీ కరెంటుతో తిరుగుతుంది. ఇంజను లేదు, పొగ లేదు. కారు కదలకుండా నిలిచివున్నా లోపల చల్లబరచుకోవచ్చు. చాలా కార్లలో యీ పని ఫోను మీద వేలితో నొక్కి యింట్లో నుంచే చేయించవచ్చు. పెళ్ళివారింట్లో తాంబూలం పుచ్చుకుంటూ ఫోనులో మీట నొక్కితే, చెప్పులు తొడుక్కొని బయటకు వచ్చేసరికి కారు చల్లగా వుంటుంది.

దీనికి ఖర్చు ఎంత? ఏసీ మొదట కాగివున్న కారును చల్లబరచేటప్పుడు సుమారు మూడు కిలోవాట్ల దాకా లాగుతుంది. చల్లబడ్డాక సుమారు ఒక కిలోవాటుతో సరిపెట్టుకుంటుంది. పది నిమిషాలు నడిపితే మహా అయితే అర యూనిట్టు. పెనుకొండలో తయారయ్యే కారు చిన్న బాటరీలో 42 యూనిట్లు పడతాయి. అందులో అర యూనిట్టు అంటే నూటికి ఒక పాలుకు కాస్త ఎక్కువ. రోడ్డు మీద మూడు నాలుగు కిలోమీటర్ల దూరం. ఇది ఎవరికీ బరువు కాదు.

అయితే కొందరు, “బాటరీ వున్నది కదా, మధ్యాహ్నమంతా ఏసీ నడుస్తూనే వుండనీ” అనుకుంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మూడు గంటలు నడిస్తే మూడు నాలుగు యూనిట్లు పోతాయి. అంటే యిరవై పాతిక కిలోమీటర్ల ప్రయాణం కారు కదలకుండానే ఖర్చయిపోయింది. తాడిమర్రి నుంచి ధర్మవరం వెళ్ళవలసినవారికి ఆ యిరవై కిలోమీటర్లే అక్కరకు వచ్చేవి. చిల్లు కుండలో నీళ్ళు పోస్తూ కూర్చోవడం కన్నా ముందు చిల్లు పూడ్చడం తెలివి. కారుకు ఆ చిల్లు అద్దం.

టెస్లా అనే అమెరికా కంపెనీ 2016లో తన కార్లకు ఒక యేర్పాటు చేసింది. యజమాని దిగి వెళ్ళిపోయినా లోపలి వేడి సుమారు 40 డిగ్రీలు దాటకుండా కారు తనంతట తానే పన్నెండు గంటల వరకు కాచుకుంటుంది. కాని బాటరీ నూటికి యిరవై వంతుల కన్నా తగ్గితే ఆ కాపలా ఆగిపోతుంది. దీనిలో మనం గమనించవలసిన సంగతి ఏమంటే, అంత పెద్ద కంపెనీ కూడా లోపల మల్లెపూవులాంటి చల్లదనం నిలుపుతానని పూచీ పడలేదు. నలభై డిగ్రీలు దాటనివ్వనని మాత్రమే చెప్పింది. ఎండతో పోట్లాడడం యంత్రాలకు కూడా అంత తేలిక కాదు మరి.

నీడ ఎటు పడుతుంది?

కాబట్టి మొదటి పని నీడ వెదకడం. అందులోనూ యిప్పుడు నీడ ఎక్కడ వున్నదని కాక, తిరిగివచ్చే వేళకు ఎక్కడ వుంటుందని చూడాలి. మన ప్రాంతంలో ఏప్రిల్ నెల చివర పొద్దు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తుంది. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం గోడకు నీడ దాదాపు వుండదు. చెట్టు నీడ చెట్టు కిందనే. పొద్దు వాలాక నీడలన్నీ తూర్పుకు సాగుతాయి. అందుచేత ఉదయం వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళేవారు గోడకో చెట్టుకో పడమటి వైపున, మధ్యాహ్నం వచ్చి సాయంత్రం వెళ్ళేవారు తూర్పు వైపున కారు నిలుపుకోవాలి. నీడ బొత్తిగా దొరకనప్పుడు, మధ్యాహ్నం తరువాత ముందు అద్దం పడమటికి చూడకుండా నిలిపినా కొంత మేలు. స్టీరింగూ డాష్‌బోర్డూ దాని వెనుకనే కదా వుండేది!

ఇంటి దగ్గర రేకుల షెడ్డు వేయించేవారు ఒక్క సంగతి మరచిపోకూడదు. రేకు ఎండను ఆపుతుంది గాని, తాను కాగి కింద వున్నదానిని కూడా కాల్చుతుంది. షెడ్డు ఎత్తుగా వుండాలి. పక్కలు మూయకుండా గాలి ఆడనివ్వాలి. రేకు మీద తెల్ల సున్నం పూసినా, బోదో కొబ్బరిమట్టలో పరిచినా ఎంతో తేడా కనిపిస్తుంది. ఈ విద్య మన సీమ రైతులకు ఎవరూ నేర్పనక్కరలేదు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు గూళ్ళు తెచ్చే రైతును అడిగి చూడండి. పట్టుపురుగు ఇరవై నాలుగు మొదలు ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్యనే సుఖంగా పెరుగుతుంది. అంతకు మించితే పంట పోయినట్లే. అందుకే ఆ రైతు షెడ్డు పైన పచ్చని నీడవల కడతాడు, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడదీస్తాడు, చుట్టూ చెట్లు పెంచుతాడు. పట్టుపురుగుకు చేసే యీ మర్యాదలో సగం కారుకు చేసినా చాలు.

స్తోమతు వున్నవారు షెడ్డు కప్పుగా సోలార్ పలకలనే అమర్చుకోవచ్చు. ఒక కిలోవాటు పలకలు ఎండ బాగున్న రోజున సుమారు నాలుగు యూనిట్ల కరెంటు యిస్తాయి. మన జిల్లాలోనే నంబులపూలకుంట దగ్గర అదే ఎండను పట్టి పెద్ద ఎత్తున కరెంటు తీస్తున్నారు. కారును కాల్చే ఎండ కారుకు నీడా యిచ్చి, మేతా పెట్టిందంటే అంతకన్నా కావలసింది ఏమున్నది?

తెర లోపలా? బయటా?

వేసవి వచ్చిందంటే మన యిళ్ళలో ఏం చేసేవారు? కిటికీలకు, గుమ్మాలకు బయటి వైపున వట్టివేళ్ళ తడికలు కట్టేవారు. ముంగిట చలువపందిరి వేసేవారు. పందిరి యింటి లోపల వేసినవారు ఎవరైనా వున్నారా? ఎండను గడప బయటనే ఆపాలని పెద్దలకు తెలుసు. కారు సంగతీ అంతే. అద్దానికి బయట కప్పిన గుడ్డ అన్నిటికన్నా మేలు. పగటిపూట చాలాసేపు ఒకేచోట నిలిపేవారు లేతరంగు గుడ్డతో కారంతా కప్పవచ్చు. అంత ఓపిక లేకపోతే ముందు అద్దాన్ని మాత్రం బయటి నుంచి కప్పినా సరిపోతుంది.

బజారులో దొరికే వెండిరంగు మడత తెరలను అద్దం లోపలి వైపున నిలబెడతారు. అవి కూడా పనికివచ్చేవే. వెలుతురు వస్తువులకు తగలకముందే చాలావరకు వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. గాలి వేడిలో పెద్ద తేడా లేకపోయినా స్టీరింగు, డాష్‌బోర్డు ముట్టుకోదగినట్లు వుంటాయి. వెండిరంగు ముఖం బయటికి వుండాలి సుమా! నల్లటి గుడ్డ తెరలు ఎండను తామే తాగి లోపలే కాగుతాయి. అద్దాల పైకప్పు వున్న కార్లకు దాని తెర కూడా మూసి పెట్టాలి. పైనుంచి పడే ఎండే మన వేసవిలో అన్నిటికన్నా తీవ్రమైనది.

“అద్దాలు కాస్త దించి పెడితే చాలదా?” అని చాలామంది అడుగుతారు. చాలదు. 2005లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో, మూసిన కారులో గంటకు సగటున 22 డిగ్రీలు పెరిగినట్లు, ఆ పెరుగుదలలో నూటికి ఎనభై వంతులు మొదటి అరగంటలోనే జరిగినట్లు తేలింది. అద్దాలు కొద్దిగా దించినా తేడా ఏమీ లేదన్నారు. రెండంగుళాల సందులో నుంచి బయటకు పోయే వేడి ఎంత, అద్దాలన్నిటిలో నుంచి లోపలికి వచ్చే వేడి ఎంత!

రంగు, ఫిల్ము

తెల్లచొక్కాకూ నల్లకోటుకూ వున్న తేడా కార్లకూ వున్నది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు 2011లో ఒకే రకానికి చెందిన నల్లకారును, వెండిరంగు కారును పక్కపక్కన ఎండలో నిలిపి చూశారు. నల్లకారు కప్పు వెండికారు కప్పు కన్నా 25 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కింది. లోపలి గాలిలో అయిదారు డిగ్రీల తేడా వచ్చింది. మన ఎండలకు తెలుపే శ్రేష్ఠమని తాతలు ధోవతి కట్టిననాడే తేల్చేశారు. జపానుకు చెందిన నిస్సాన్ కంపెనీ 2024లో ఎండవేడిని తిప్పికొట్టే ఒక కొత్తరకం రంగును ప్రదర్శించింది. మామూలు రంగు వేసిన కారు కన్నా కప్పు 12 డిగ్రీలు, లోపల 5 డిగ్రీలు తగ్గినట్లు ఆ కంపెనీ ప్రకటించింది.

అద్దాలకు నల్లఫిల్ము అంటించుకోవడం మరొక ముచ్చట. ఇందులో చట్టం వున్నది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనుక అద్దాలు నూటికి 70 వంతులైనా, పక్క అద్దాలు 50 వంతులైనా వెలుతురును లోపలికి రానివ్వాలి. 2012లో సుప్రీంకోర్టు నల్లఫిల్ముల మీద గట్టి తీర్పు యిచ్చింది. ఫిల్ము మాట తలపెట్టే ముందు రవాణాశాఖ కార్యాలయంలో కనుక్కోవడం మంచిది. అయినా నలుపుతోనే చల్లదనం వస్తుందనుకోవడం పొరపాటు. ఎండవేడిలో దాదాపు సగం కంటికి కనిపించని కిరణాలదే. ఆ కిరణాలను మాత్రం అడ్డగించి, వెలుతురును రానిచ్చే అద్దాలు, పొరలు వున్నాయి. హ్యుందాయ్ కంపెనీ 2024లో పాకిస్తానులోని లాహోరు నగరంలో, అక్కడ కూడా నల్ల అద్దాలు నిషేధమే కనుక, అటువంటి పారదర్శకమైన పొరను కొందరి కార్లకు వుచితంగా అంటించి చూపింది. కొత్తకారు కొనేటప్పుడు, అద్దాలు వేడిని ఆపే రకానివేనా అని అమ్మేవారిని అడగడం మరచిపోకండి.

తిరిగి వచ్చాక

కారు దగ్గరకు రాగానే తలుపులు బిగించుకొని ఏసీని చివరికంటా తిప్పడం చాలామందికి అలవాటు. లోపలి గాలి బయటి గాలి కన్నా పది డిగ్రీలు వేడిగా వున్నప్పుడు ఆ గాలినే చల్లబరచడం వృథా ప్రయాస. ముందు దానిని వెళ్ళగొట్టాలి. ఒకవైపు అద్దం దించి, ఎదుటివైపు తలుపును అయిదారుసార్లు తెరిచి మూస్తే విసనకర్రలా పనిచేసి వేడిగాలి బయటకు పోతుంది. తరువాత ఒకటి రెండు నిమిషాలు బయటి గాలి తీసుకునేలా ఏసీ నడిపి, ఆపైన లోపలి గాలే తిరిగేలా మార్చుకోవాలి. సీట్లలో గాలి ఆడే యేర్పాటు వున్నవారు దానినీ వాడుకోవాలి. అది తినే కరెంటు బహు స్వల్పం.

ఫోనుతో ముందుగా చల్లబరిచేవారు బయలుదేరడానికి అయిదు పది నిమిషాల ముందు నొక్కితే చాలు. కారు ఛార్జింగుకు తగిలించి వుంటే యింకా మంచిది. అప్పుడు ఏసీకి కావలసిన కరెంటు చాలావరకు గోడ నుంచే వస్తుంది, బాటరీ నిండుగానే వుంటుంది. అయితే ఫోను నొక్కితే కారు వినాలంటే కారుకూ ఫోనుకూ సిగ్నలు అందాలి. సిగ్నలు అందని పల్లెల్లో యీ మంత్రం పారదు. అక్కడ చెట్టునీడే దిక్కు.

బాటరీ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. లిథియం బాటరీకి అతివేడి పడదు. నిండా ఛార్జింగు చేసి రోజుల తరబడి ఎండలో వదిలేస్తే దాని ఆయుష్షు త్వరగా తరుగుతుంది. వూరికి వెళ్ళేవారు కారును నీడలో, సగానికి కాస్త ఎక్కువ ఛార్జింగుతో వుంచి వెళ్ళడం మంచిది. బాటరీ రకాన్ని బట్టి యీ సలహా మారుతుంది కనుక కారుతో యిచ్చిన పుస్తకం ఒకసారి తిరగవేయాలి. ఎండలో నిలిపిన కారులో నుంచి ఉన్నట్టుండి ఫాను తిరిగిన చప్పుడు వినిపిస్తే కంగారు పడనక్కరలేదు. కొన్ని కార్లు తమ బాటరీని తామే అలా చల్లబరచుకుంటాయి.

ఇంటి యిల్లాలు గుర్తుంచుకోవలసినవి మరికొన్ని వున్నాయి. సెంటు సీసాలు, దోమల మందు డబ్బాలు, సిగరెట్టు లైటర్లు, ఫోను ఛార్జింగు చేసే పవర్ బ్యాంకులు ఎండకారులో వదలకూడదు; అవి పగలవచ్చు, అంటుకోవచ్చు. చక్కెర వ్యాధివారి ఇన్సులిన్ ముప్పై డిగ్రీల పైన చెడిపోతుంది. మిగతా మందులు కూడా సంచీలో పెట్టుకొని వెంట తీసుకువెళ్ళడమే మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది

ఇంతవరకు చెప్పినది సుఖం సంగతి. ఇక చెప్పబోయేది ప్రాణం సంగతి.

2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఆడుకుంటూ నిలిపివున్న కారులోకి ఎక్కిన యిద్దరు చిన్నారులు బయటకు రాలేక ప్రాణాలు విడిచారు. ఆ మరుసటి నెలలోనే, మే 18వ తేదీన, విజయనగరం జిల్లా ద్వారపూడిలో అదేవిధంగా నలుగురు పిల్లలు పోయారు. మొత్తం ఆరుగురు. పెద్దలు దగ్గరలోనే వున్నారు. కారు అరవదు, లోపల బిగుసుకుపోయిన పిల్లల కేక బయటకు వినబడదు. తలుపుకు తాళం వేయకపోవడమనే చిన్న ఏమరుపాటు అంత పని చేసింది.

పసిపిల్లల ఒళ్ళు పెద్దవారి ఒంటి కన్నా మూడు నుంచి అయిదు రెట్లు త్వరగా వేడెక్కుతుందని వైద్యులు చెబుతారు. మొదటి అరగంటలోనే కారు చాలావరకు కాగిపోతుందని పైన చూశాం. ఈ రెండు మాటలూ కలిపి చదువుకుంటే “అయిదు నిమిషాల్లో వచ్చేస్తాను” అన్న మాట ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

కరెంటు కారుతో యిక్కడ ఒక కొత్త భ్రమ బయలుదేరే అవకాశం వున్నది. “ఏసీ నడుస్తున్నది కదా, ఇంజను పొగ కూడా లేదు, పిల్లవాడు నిద్రపోతున్నాడు, కదపడమెందుకు?” అనిపిస్తుంది. అలా ఎన్నడూ చేయకూడదు. బాటరీ తగ్గి ఏసీ ఆగవచ్చు. నియమిత కాలం అయిపోయి ఆగవచ్చు. పిల్లవాడే లేచి ఏదో మీట నొక్కి ఆపవచ్చు. పెట్రోలు కారు ఆగితే చప్పుడు ఆగినట్లు తెలుస్తుంది. కరెంటు కారు నడుస్తున్నా మౌనమే, ఆగినా మౌనమే. యంత్రానికి సీట్లను అప్పగించవచ్చు గాని, బిడ్డను అప్పగించరాదు. ముసలివారిని, పెంపుడు జంతువులను కూడా అంతే.

ఇంటి ముంగిట నిలిపినా సరే, కారుకు ఎప్పుడూ తాళం వేయాలి. తాళంచెవి పిల్లలకు అందని చోట పెట్టాలి. దిగేటప్పుడు వెనుక సీటు ఒకసారి తిరిగి చూడడం దేవుడికి దణ్ణం పెట్టినంత అలవాటు కావాలి. కొంచెం జ్ఞానం వచ్చిన పిల్లలకు లోపలి నుంచి తలుపు తీయడం, హారను మోగించడం నేర్పాలి. చాలా కార్లలో తాళం లేకపోయినా హారను మోగుతుంది. పిల్లలు కనిపించకపోతే నూతుల దగ్గరా, చెరువుగట్టు మీదా వెదికినట్లే చుట్టుపక్కల కార్లలో కూడా మొదటనే వెదకాలి. మూసిన కారులో పిల్ల చిక్కుకొని కనిపిస్తే యజమాని కోసం చూడకుండా 112కు ఫోను చేసి, పిల్లకు దూరంగా వున్న పక్క అద్దం పగలగొట్టాలి. బయటకు తీశాక నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ 108 బండిని పిలవాలి. అద్దం వెల ఎంతైనా తిరిగి వేయించుకోవచ్చు.

మొత్తం మీద చెప్పుకోవలసిన వరస యిది: ముందు నీడ, తరువాత తెర, ఆపైన తలుపు తెరిచి వేడిగాలి వదలడం, చివరగా ఏసీ. ఈ వరస పాటించేవారికి ఏసీ పని తేలిక, బాటరీకి బతుకు ఎక్కువ, కరెంటు బిల్లుకు బరువు తక్కువ. వచ్చే వేసవిలోగా యింటి ముందు పడమటి వైపున ఒక వేపమొక్కో కానుగమొక్కో నాటండి. ఈ కారు పాతబడి మరొకటి వచ్చేసరికి దానికి నీడ సిద్ధంగా వుంటుంది.